కంచంలో ఎడమవైపు మిగిలిన అన్నం

ప్రశ్న: నమస్కారం. నా వయసు 27. మాది హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరులో, కె.ఆర్. పురంలో ఉంటున్నాం. కంప్యూటర్ సైన్సులో బి.టెక్. చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. రెండు నెలల క్రితం నాన్నగారికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. మాట బాగానే ఉంది, అందరినీ గుర్తుపడుతున్నారు. అయితే కంచంలో కుడివైపు అన్నం మాత్రమే తిని, "ఇంతేనా పెట్టారు?" అంటారు. కంచం తిప్పి పెడితే మిగిలింది తినేస్తారు. గడ్డం కూడా కుడి చెంప వరకే గీసుకుంటారు. కళ్లలో లోపమేమీ లేదని కంటి డాక్టరు చెప్పారు. ఇదంతా మొండితనం అనుకుని అమ్మ బాధపడుతోంది. ఇది చూసినప్పటి నుంచి నాకు మరే పని మీదా మనసు నిలవడం లేదు. మెదడు నుంచి మన ప్రవర్తన, మన అనుభవం ఎలా పుడుతున్నాయో చదవాలని ఉంది. ఉద్యోగం మానేసి ఈ చదువులో చేరవచ్చా? అమ్మ వద్దంటోంది. పదో తరగతి తరువాత నేను జీవశాస్త్రం చదవలేదు. మెదడు కూడా ఒక కంప్యూటరే కనుక నా చదువు పనికివస్తుందని అనుకుంటున్నాను. ఇంతకీ ఈ శాస్త్రం నా ప్రశ్నకు జవాబు చెప్పగలదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ముందుగా అమ్మగారికి ఒక మాట చెప్పండి. నాన్నగారిది మొండితనం కాదు, అలక కాదు, వంట మీద అయిష్టం అంతకన్నా కాదు. మెదడు కుడి అర్ధభాగం దెబ్బతిన్నవారిలో, ముఖ్యంగా ఆ వైపు పైభాగాన వెనుకగా ఉండే పెరైటల్ ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు రక్తం అందక నష్టం జరిగినవారిలో, మీరు రాసిన లక్షణాలే కనిపిస్తాయి. వైద్యులు దీన్ని 'నెగ్లెక్ట్' అంటారు. ఆ మాటను నిర్లక్ష్యం అని తెలుగు చేస్తే తప్పంతా రోగి నెత్తిన పడుతుంది కనుక నేను ఆ అనువాదానికి ఒప్పుకోను. మనకు 'ధ్యాస' అనే చక్కటి మాట ఉంది. నాన్నగారికి ఎడమవైపు చూపు పోలేదు, ఎడమవైపు ధ్యాస పోయింది. చూపులో సగం పోయినవారికి సాధారణంగా ఆ లోటు తెలుస్తుంది, అందుకే వారు తల తిప్పి వెతుక్కుంటారు. ధ్యాస పోయినవారికి వెతకవలసిన చోటు ఒకటి ఉందన్న సంగతే తోచదు. "ఇంతేనా పెట్టారు?" అని ఆయన అడగడం నిజాయితీగా అడిగిన ప్రశ్నే, ఎందుకంటే ఆయన అనుభవంలో ఆ కంచం ఖాళీ అయిపోయింది.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు 1978లో ఇటలీలో ఎడోఆర్డో బిసియాక్, క్లాడియో లుజ్జాటి ప్రచురించిన పరిశీలన గుర్తుకు వచ్చింది. ఇలాంటి లక్షణాలే ఉన్న ఇద్దరు మిలాన్ నగరవాసులను వారు ఒక చిన్న కోరిక కోరారు. ఆ నగరంలో పెద్ద చర్చి ముందు అందరికీ తెలిసిన ఒక చౌకు ఉంది. చర్చికి ఎదురుగా, చౌకుకు అవతలి కొసన నిలబడినట్టు ఊహించుకుని ఏమేమి కనిపిస్తున్నాయో చెప్పమన్నారు. వారు ఎక్కువగా కుడివైపు భవనాలనే చెప్పారు. తరువాత చర్చి గుమ్మంలో నిలబడి చౌకు వైపు చూస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఈసారి ఇంతకుముందు వదిలేసిన భవనాలను ఒక్కొక్కటిగా చెప్పి, అంతకుముందు చెప్పినవాటిని వదిలేశారు. ఇక్కడ కళ్లతో పనే లేదు, అంతా తలపులోనే జరిగింది. జ్ఞాపకం చెరిగిపోయిందనుకుందామంటే, దిక్కు మార్చి నిలబడగానే అవే భవనాలు పేర్లతో సహా పైకి వచ్చాయి. చౌకు మొత్తం వారి మనసులో భద్రంగానే ఉంది, కాని ఏ క్షణానికైనా అందులో సగమే వారి అనుభవంలోకి వస్తోంది. మనిషి లోకాన్ని ఊహించుకునేటప్పుడు కూడా ఒక చోట నిలబడి, కుడి ఎడమలు ఉన్న శరీరంతోనే ఊహించుకుంటాడని ఆ ఇద్దరు రోగులు మనకు చూపించారు. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ వివరం దగ్గర ఆగిపోవాలనిపిస్తుంది.

పదేళ్ల తరువాత, 1988లో, జాన్ మార్షల్, పీటర్ హాలిగన్ మరొక రోగిని గురించి రాశారు. ఆమెకు రెండు ఇళ్ల బొమ్మలు ఒకదాని కింద ఒకటి చూపించారు. రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి, ఒకదానికి మాత్రం ఎడమవైపు కిటికీలోంచి మంటలు వస్తున్నాయి. రెండిటికీ తేడా ఏమీ లేదని ఆమె చెప్పింది. ఈ రెండిట్లో ఏ ఇంట్లో ఉంటారని అడిగితే, ఒకేలా ఉన్న ఇళ్లలో ఎంచుకోమనడమేమిటని అనుకుంటూనే, చాలాసార్లు మంటలు లేని ఇంటినే ఎంచుకుంది. అంటే ఆ మంటలు మెదడు లోపలికి ఎంతో కొంత చేరాయి, ఎంపికను కదిలించాయి కూడా, కాని 'నేను చూశాను' అనే అనుభవంగా మారలేదు. ప్రవర్తన ఒక మాట చెబుతుంటే అనుభవం మరొక మాట చెప్పగలదన్నమాట. మీరు అడిగిన పెద్ద ప్రశ్న సరిగ్గా ఈ రెండిటి మధ్య దూరంలోనే ఉంది.

ఈ కథలు చెప్పాను కదా అని నాన్నగారిని కూర్చోబెట్టి హిందూపురం వీధులు వర్ణించమని పరీక్షలు పెట్టకండి. ఆయన అలసిపోయి ఉన్నారు. తనలో ఏదో లోపం ఉందని చుట్టూ ఉన్నవారి ముఖాలు చూసి తెలుసుకోవడం ఆయనకు కష్టమైన సంగతి. తెలుసుకోవాలన్న ఆసక్తి ఎంత మంచిదైనా, ఆయన సమ్మతి, ఆయన గౌరవం దానికి ముందు రావాలి. చేయవలసినవి వేరే ఉన్నాయి. ఈ లక్షణాన్ని మీరు రాసినంత వివరంగా న్యూరాలజిస్టుకు, ఫిజియోథెరపిస్టుకు చెప్పండి, ఎందుకంటే చేయీ కాలూ చూసే హడావుడిలో ఇది చాలాసార్లు మరుగున పడిపోతుంది. వీలైతే, రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా శిక్షణ ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టును కూడా కలవండి. తలను, చూపును పనిగట్టుకుని ఎడమకు తిప్పి వెతికే అలవాటు చేయించే శిక్షణ ఉంది. కంచానికి, పుస్తకానికి ఎడమ అంచున ఎర్రటి పట్టీ అంటించి, ఆ ఎరుపు కనిపించేదాకా చూపు జరపమని చెప్పడం అందులో ఒక పద్ధతి. మొదటి రెండు మూడు నెలల్లో చాలామందికి ఇది తగ్గుముఖం పడుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. అంతవరకు ఆయనను ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి, బండి నడపనివ్వకండి, పొయ్యి దగ్గర ఒక్కరినే వదలకండి. గడ్డం గీసుకునేటప్పుడు పక్కన ఒకరు ఉండాలి. ఎడమ చేయి తలుపు సందులో నలిగినా ఆయనకు వెంటనే తెలియకపోవచ్చు.

ఇక చదువు సంగతికి వస్తాను. మెదడు కూడా ఒక కంప్యూటరే అన్నారు. ఆ మాటను పట్టుకునే 2017లో ఎరిక్ జోనాస్, కాన్రాడ్ కోర్డింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పని చేశారు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మీకు అది నాకన్నా బాగా అర్థమవుతుంది. 6502 అనే పాత మైక్రోప్రాసెసర్ చిప్పును తీసుకుని, అందులోని 3,510 ట్రాన్సిస్టర్లనూ, అంటే చిన్న చిన్న స్విచ్చులనూ, కంప్యూటరులో అనుకరించి, దాని మీద డాంకీ కాంగ్, స్పేస్ ఇన్వేడర్స్, పిట్‌ఫాల్ అనే మూడు వీడియో గేములు నడిపారు. ఆ తరువాత మెదడును చదివేవారు వాడే పద్ధతులు ఎన్నో ఆ చిప్పు మీద ప్రయోగించారు. ఒక్కొక్క ట్రాన్సిస్టరును తీసేసి ఏ గేము ఆగిపోతుందో చూశారు. కొన్నిటిని తీస్తే ఒక్క డాంకీ కాంగే ఆగిపోయింది. అంతమాత్రాన వాటిని డాంకీ కాంగ్ ట్రాన్సిస్టర్లు అనగలమా? అనలేమని ఆ చిప్పు ఎలా పనిచేస్తుందో తెలిసిన మీకు వెంటనే తెలుస్తుంది. అవి ఏ కూడికలోనో, అంకెలను దాచే ఏ రిజిస్టరులోనో భాగమై ఉంటాయి, ఆ గేముకు ఆ పని అవసరమై ఉంటుంది. పూర్తిగా తెలిసిన యంత్రాన్నే మన పద్ధతులు సరిగా వివరించలేకపోతే, తెలియని మెదడు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండాలో వారు అలా చూపించారు. నాన్నగారి మెదడులో ఫలానా చోట దెబ్బ తగిలింది కనుక ఎడమవైపు ధ్యాస ఆ చోటే నివసిస్తోందని అనుకోవడం కూడా ఇలాంటి తొందరపాటే. అదే లక్షణం మెదడు ముందుభాగం దెబ్బతిన్నా రావచ్చు, లోలోపలి భాగాలు దెబ్బతిన్నా రావచ్చు. ఒకచోట తెగితే దానితో ముడిపడిన దూరపు ప్రాంతాల పని కూడా కుంటుపడుతుంది.

మెదడును కంప్యూటరుతో పోల్చడంలో తప్పు లేదు, ఆ పోలిక దగ్గరే ఆగిపోతేనే చిక్కు. 302 నాడీకణాలు మాత్రమే ఉన్న ఒక చిన్న నులిపురుగు నాడీమండలపు అల్లికను 1986లోనే దాదాపు పూర్తిగా గీశారు. పూర్తిగా ఎదిగిన పండు ఈగ మెదడు మొత్తం పటం 2024లో వచ్చింది. అందులో 1,39,255 కణాలు, వాటి మధ్య ఐదు కోట్లకు పైగా సంధులు ఉన్నాయి. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఆ పటాలు అమూల్యమైనవి. అయినా, పటం చేతికి వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా, ఆ చిన్న పురుగు మరుక్షణం ఎటు తిరుగుతుందో అన్ని సందర్భాల్లోనూ చెప్పగలిగే స్థితికి మనం రాలేదు. తీగల పటం ఉంటే చాలదు, ఆ జీవి ఏ లోకంలో ఏ అవసరంతో ఏ పని చేస్తోందో తెలియాలి. ప్రవర్తనను ఓపికగా చూడడం రానివారికి ఎంత గొప్ప యంత్రం ఇచ్చినా మెదడు అర్థం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ నమ్మకం నాకు ఊరికే రాలేదు. పరిశోధక విద్యార్థిగా నేను ఎలుకల జ్ఞాపకశక్తి మీద పనిచేశాను. గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి, పాలపొడి కలిపి తెల్లగా చేసి, నీటిమట్టానికి కొంచెం కింద ఒక చిన్న తిన్నెను దాచిపెడతారు. గోడల మీది గుర్తులను బట్టి ఆ తిన్నె ఎక్కడుందో నేర్చుకున్న ఎలుక, ఎక్కడ వదిలినా నేరుగా అక్కడికి ఈదుకుంటూ వెళ్లి ఎక్కి కూర్చుంటుంది. ఒక మందు ఇచ్చిన ఎలుకలు తిన్నె చేరడానికి చాలా ఎక్కువ సమయం తీసుకున్నాయి. 'చోటు మరిచిపోయాయి' అని నోటు పుస్తకంలో రాసుకుని, గ్రాఫు గీసి మా గురువుగారికి చూపించాను. ఆయన గ్రాఫు పక్కన పెట్టి, వారం రోజుల పాటు వీడియోలు తప్ప ఇంకేమీ చూడవద్దన్నారు. మూడో రోజుకు నాకు తెలిసింది. ఆ ఎలుకలు తిన్నె దగ్గరకు వెళుతున్నాయి, దాని మీదుగా పాకి అటువైపు జారి మళ్లీ ఈదుతున్నాయి. కొన్ని గోడ వెంబడే తిరుగుతున్నాయి. చోటు మరిచిపోవడం వేరు, ఆ తిన్నె ఎక్కి ఆగవచ్చని గ్రహించకపోవడం వేరు. గడియారంలో సెకన్లు మాత్రం రెండిటికీ ఒకేలా పెరుగుతాయి. ఆ వారం చూడకపోయి ఉంటే లేని జ్ఞాపకలోపాన్ని అచ్చు వేయించి ఉండేదాన్ని.

మీరు అడిగిన మూడో సంగతి అన్నిటికన్నా కష్టమైనది. అనుభవాన్ని ఈ శాస్త్రం అందుకోగలదా అంటే, కొంత దూరం అందుకుంటోంది. ఒక కంటికి ఒక బొమ్మ, మరో కంటికి మరో బొమ్మ ఒకేసారి చూపిస్తే మనకు రెండూ కలిసి కనిపించవు, కొన్ని క్షణాలు ఒకటి, కొన్ని క్షణాలు మరొకటి కనిపిస్తుంది. కళ్ల ముందు ఉన్నది మారలేదు, అనుభవం మాత్రం మారుతోంది. నికోస్ లోగొథెటిస్, ఆయన సహచరులు ఏ బొమ్మ కనిపిస్తే ఆ మీట నొక్కేలా కోతులకు నేర్పి, వాటి నాడీకణాల స్పందనను నమోదు చేశారు. చూపు సమాచారం మొదట చేరే ప్రాంతాల్లో కొద్ది కణాలే అనుభవాన్ని బట్టి మారాయి. వస్తువులను గుర్తించే ప్రాంతానికి వచ్చేసరికి అత్యధిక కణాలు మారాయి. ఏ అనుభవంతో పాటు మెదడులో ఏం జరుగుతోందో ఇలా పట్టుకోవచ్చు. గమనించండి, ఇక్కడ కూడా ఆ కోతి మీట నొక్కితేనే మనకు దాని అనుభవం సంగతి తెలిసింది.

అయితే ఆ కణాలు స్పందించినంత మాత్రాన 'కనిపించడం' అనే అనుభూతి అసలు ఎందుకు కలగాలి అని అడిగితే, ఇప్పటికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. చైతన్యానికి మెదడులో స్పష్టమైన ఆనవాలు పాతికేళ్లలో దొరుకుతుందని 1998లో క్రిస్టోఫ్ కోఖ్ అనే శాస్త్రజ్ఞుడు డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్తతో పందెం కాశాడు. 2023లో న్యూయార్కులో జరిగిన సభలో ఓడిపోయానని అందరి ముందూ ఒప్పుకుని, పందెం ప్రకారం ద్రాక్షసారా సీసాలు ఇచ్చాడు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితేనే సంతృప్తి అనుకుంటే ఈ చదువు మిమ్మల్ని నిరాశపరచవచ్చు. నాన్నగారి ఎడమవైపు ఎలా మాయమైంది, దాన్ని కొంతైనా ఎలా వెనక్కి తేవచ్చు అనే ప్రశ్నలు మీకు చాలినంత పెద్దవిగా అనిపిస్తే, జీవితకాలం సరిపోనంత పని ఇక్కడ ఉంది.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. స్ట్రోక్ వచ్చి రెండు నెలలే అయింది, ఫిజియోథెరపీకి, మందులకు ఖర్చు ఉంటుంది, ఇంటికి మీ జీతం కావాలి. పిహెచ్.డి.కి ఐదారేళ్లు పడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఫెలోషిప్ 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు. కె.ఆర్. పురంలో ఇంటి అద్దె కడుతూ, నాన్నగారిని చూసుకుంటూ ఈ మొత్తంతో గడపగలరా లేదా అన్నది అమ్మగారితో కూర్చుని కాగితం మీద లెక్క వేసుకోవలసిన విషయం. ఆమె అభ్యంతరంలో భయంతో పాటు లెక్క కూడా ఉందని నాకు అనిపిస్తోంది.

జీవశాస్త్రం చదవలేదన్న దిగులు వద్దు. ఈ రంగంలో ఇంజనీర్లు, భౌతికశాస్త్రం చదివినవారు ఎంతోమంది ఉన్నారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2009లో ఏర్పడిన న్యూరోసైన్స్ కేంద్రం పిహెచ్.డి.కి ఇంజనీరింగ్ పట్టభద్రులను కూడా తీసుకుంటుంది. గేట్ వంటి జాతీయ పరీక్షలో అర్హత, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి. ఏటా వెలువడే ప్రకటనను మీరే చదివి చూసుకోండి. బళ్లారి రోడ్డులో జి.కె.వి.కె. ప్రాంగణంలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్.సి.బి.ఎస్.లో కణాల స్థాయి నుంచి జంతువుల ప్రవర్తన దాకా పరిశోధన జరుగుతుంది. రోగుల మధ్య ఉండి చదవాలంటే హోసూరు రోడ్డులో మెదడు, మనోవ్యాధుల ఆసుపత్రి అయిన నిమ్‌హాన్స్ ఉంది. మనిషి ప్రవర్తన, ధ్యాస, భాష వైపు మనసు లాగితే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది.

అంతకు ముందు ఒక ఏడాది రాత్రిళ్లు, సెలవు రోజులు ఈ చదువుకు ఇచ్చి చూడండి. ఐ.ఐ.టి. మద్రాసులో మెదడు మీద పరిశోధన చేస్తూ తెలుగులోనూ సైన్సు రాసే వి. శ్రీనివాస చక్రవర్తి గారి పాఠాలు ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్.పి.టి.ఇ.ఎల్.లో ఉచితంగా దొరుకుతాయి. న్యూరోమ్యాచ్ అకాడమీ 2020 నుంచి ప్రతి వేసవిలోనూ ఆన్‌లైనులో మూడు వారాల శిక్షణ ఇస్తోంది, ప్రోగ్రామింగ్ వచ్చినవారికి అది చక్కగా సరిపోతుంది. అమెరికాలోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ ఎలుకల మెదళ్ల నుంచి తీసిన రికార్డింగులను అందరికీ అందుబాటులో ఉంచింది. వాటిని దించుకుని మీరే ఒక ప్రశ్న వేసి జవాబు వెతకండి. స్టాటిస్టిక్స్ బలంగా నేర్చుకోండి, ఈ రంగంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం అక్కడే ఉంది. ఒక రోజు వీలు చూసుకుని నిమ్‌హాన్స్‌లోని మెదడు మ్యూజియం చూసి రండి. దాదాపు 1.4 కిలోల బరువు ఉండే మనిషి మెదడును అక్కడ చేతుల్లోకి తీసుకోవచ్చు. మందులో ఉంచడం వల్ల అది పనీరులా గట్టిగా ఉంటుంది, బతికి ఉన్న మెదడు మాత్రం గడ్డపెరుగంత మెత్తన. నేను మొదటిసారి పట్టుకున్నప్పుడు చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఇందులో ఎవరిదో బాల్యం, ఎవరిదో మాతృభాష ఉండేవి కదా అనిపించింది.

ఆ ఏడాది గడిచాక కూడా ఈ ప్రశ్న మిమ్మల్ని నిద్రలేపుతూనే ఉంటే దరఖాస్తు చేయండి. గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు ఐదారు నెలల ముందే మొదలవుతాయి కనుక తేదీలు మరిచిపోవద్దు.

ఈలోగా రేపటి నుంచి భోజనాల వేళ మీరు నాన్నగారికి ఎడమవైపుకు మెల్లగా చేరండి. ఒక్కసారిగా మరీ ఎడమకు కాకుండా ఆయనకు ఎదురుగా మొదలుపెట్టి, రోజుకు కొంచెం చొప్పున ఎడమకు జరగండి. కంచం మీరు తిప్పకుండా, "నాన్నా, ఎర్ర పట్టీ కనిపించిందా?" అని అడిగి ఆగండి. ఏ మాటకు ఆయన తల తిరిగిందో, ఎంతసేపటికి తిరిగిందో, అలసట ఉన్న రోజు ఎలా ఉందో, లేని రోజు ఎలా ఉందో, ఆయనకు చెప్పి, ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. మళ్లీ ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకువెళ్లండి.